వియన్నా పియానో మాస్టారు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి పంపమని కార్యదర్శిగారు రెండుసార్లు ఫోను చేశారు. డి.ఏ. బకాయిల గురించీ, హెల్త్ కార్డుల గురించీ వ్రాయగలవారు మనలో చాలామంది ఉన్నారు. ముప్పై ఆరేళ్ళు ఖజానా శాఖలో బిల్లులు పాసు చేసిన నేను చరిత్ర వ్యాసం వ్రాయబూనడం, అందునా పరదేశపు పియానో మాస్టారి గురించి వ్రాయడం మిత్రులకు వింతగా తోచవచ్చు. నాకు పియానో వాయించడం రాదు. సంగీతంలో నా పరిజ్ఞానం రేడియోలో భక్తిరంజని వినడం వరకే. అయినా ఈ మాస్టారి సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఎందుకో చివరకు తెలుస్తుంది.

ప్రస్తుతం నేను సికింద్రాబాదులో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మనవరాలికి పదకొండేళ్ళు. వారానికి రెండు రోజులు పియానో క్లాసుకు వెళ్తుంది. అమ్మాయి బ్యాంకు నుంచి వచ్చేసరికి ఆలస్యమవుతుంది కనుక ఆటోలో దింపి తీసుకురావడం నా డ్యూటీ. టీచరమ్మగారు పెద్దావిడ. ముప్పై ఏళ్ళకు పైబడి పిల్లలకు నేర్పుతున్నారు. నేను వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటాను. లోపలి నుంచి పాట వినబడుతుందని మొదట్లో ఆశపడ్డాను. పాటా లేదు, పల్లవీ లేదు. ఐదు వేళ్ళతో ఎక్కడం, దిగడం, మళ్ళీ ఎక్కడం. ఒక రోజు అడిగితే మనవరాలు పుస్తకం చూపించింది. "ఇది చెర్నీ తాతయ్యా. అందరూ ఇదే వాయించాలి" అంది. అట్ట మీద ఓపస్ 599 అని ఉంది. అందులో వంద అభ్యాసాలు.

ఆ వంద అభ్యాసాలు చూడగానే నాకు 1969 గుర్తుకొచ్చింది. ఆ ఏడు నేను టైపు ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. ఎడమచేతి చిటికెనవేలు 'ఏ' మీద, ఉంగరపువేలు 'ఎస్' మీద, నడిమివేలు 'డి' మీద, చూపుడువేలు 'ఎఫ్' మీద. నెల రోజుల పాటు ఇదే వరస. అర్థమున్న ఒక్క మాట కొట్టనివ్వలేదు. అక్షరాలు కనబడకుండా మాస్టారు మెట్ల మీద అట్టముక్క అడ్డం పెట్టేవారు. చిటికెనవేలు నొప్పి పుట్టి రాత్రిళ్ళు కొబ్బరినూనె రాసుకునేవాణ్ణి. లోయరు, హయ్యరు పాసయిన మన మిత్రులందరికీ ఈ బాధ తెలిసినదే. అన్నట్టు, 1868లో అమెరికాలో షోల్సు, అతని మిత్రులు పేటెంటు పొందిన టైపు మిషనుకు మెట్లు అచ్చం పియానో మెట్లలాగే ఉండేవట. కనుక మా ఇన్‌స్టిట్యూట్ మాస్టారికీ, ఆ చెర్నీకీ ఏదో దూరపు చుట్టరికం ఉందనుకోవాలి.

ఎవరీ చెర్నీ అని టీచరమ్మగారిని అడిగాను. ఆవిడ నవ్వి, మరుసటి వారం ఒక పాత పుస్తకం ఇచ్చారు. అందులో ఆయన స్వయంగా వ్రాసుకున్న జ్ఞాపకాలు ఇంగ్లీషులో ఉన్నాయి. అది చదివాక మరికొన్ని వెతికి చదివాను. పెన్షనరుకు తీరిక తప్ప ఏముంది?

ముందు పియానో గురించి రెండు మాటలు. దీనిని సుమారు 1700 ప్రాంతంలో ఇటలీలో ఫ్లోరెన్సు నగరంలో క్రిస్టోఫోరి అనే పనివాడు తయారుచేశాడు. అంతకు ముందున్న హార్ప్సికార్డు వాద్యంలో మెట్టు నొక్కితే లోపల తీగెను మీటే ఏర్పాటు ఉండేది. గట్టిగా నొక్కినా, మెల్లగా నొక్కినా శబ్దం దాదాపు ఒక్కటే. క్రిస్టోఫోరి ఏం చేశాడంటే, మీటడం మాని, చిన్న సుత్తితో తీగెను కొట్టించాడు. అప్పుడు వేలు ఎంత బలంగా పడితే శబ్దం అంత బలంగా వస్తుంది. ఇటలీ భాషలో 'పియానో' అంటే మెల్లగా, 'ఫోర్టే' అంటే గట్టిగా. పియానోఫోర్టే అన్న పేరు అలా వచ్చింది. ఇక్కడే చిక్కు కూడా వచ్చింది. శబ్దం వేలిని బట్టి ఉంటుంది కనుక పది వేళ్ళూ సమానంగా పలకాలి. మన ఉంగరపువేలు ఎంత బద్ధకస్తురాలో టైపు నేర్చినవారికి వేరే చెప్పనక్కరలేదు. పాతకాలంలో బొటనవేలిని మెట్ల మీద అంతగా వాడేవారు కాదు. 1753లో సి.పి.ఇ. బాఖ్ వ్రాసిన శిక్షణ గ్రంథం బొటనవేలికి ముఖ్యస్థానం ఇచ్చింది. ఈ గ్రంథం మన కథలో మళ్ళీ వస్తుంది.

కార్ల్ చెర్నీ 1791 ఫిబ్రవరి 21న వియన్నాలో జన్మించాడు. మహా సంగీతకర్త మొజార్ట్ మరణించింది కూడా ఆ సంవత్సరమే. చెర్నీ తండ్రి పేరు వెంజెల్. బొహీమియా దేశస్థుడు. పదిహేనేళ్ళు ఫిరంగిదళంలో పనిచేసి, తరువాత వియన్నా చేరి, ఇంటింటికీ తిరిగి పియానో పాఠాలు చెబుతూ, పియానోలు బాగుచేస్తూ సంసారం ఈదాడు. ఇంట్లో చెక్ భాష మాట్లాడుకునేవారు. ఒక్కడే కొడుకు. వీధి పిల్లలతో ఆటలు లేవు. తండ్రి కళ్ళెదుటే పియానో ముందు బాల్యమంతా గడిచింది. తండ్రి దగ్గర నేర్చుకునేవారిలో ఇతర విషయాలు చెప్పే బీద పంతుళ్ళు ఉండేవారు. వారు ఫీజుకు బదులుగా ఈ పిల్లవాడికి ఫ్రెంచి వగైరా భాషలు చెప్పేవారట. మన పల్లెల్లో పంతులుగారికి ధాన్యం కొలిచినట్లు. 1800లో, తొమ్మిదో ఏట, మొజార్ట్ కాన్సెర్టో ఒకటి సభలో వాయించాడు.

పదేళ్ళప్పుడు అతని జీవితంలో గొప్ప రోజు వచ్చింది. క్రుంఫోల్జ్ అనే వయొలిన్ విద్వాంసుడు తండ్రీకొడుకులను బీథోవెన్ దగ్గరకు తీసుకువెళ్ళాడు. ఐదారు అంతస్తులు మెట్లెక్కి వెళ్ళారు. గది నిండా కాగితాలు, బట్టలు, పెట్టెలు చిందరవందరగా ఉన్నాయి. పియానో ముందున్న కదిలిపోయే కుర్చీ తప్ప మరో కుర్చీ దాదాపు లేదు. బీథోవెన్ బొచ్చు బొచ్చుగా ఉన్న ముదురు బూడిదరంగు కోటు తొడుక్కుని, గడ్డం పెరిగి, కథల్లో ఒంటరి దీవిలో చిక్కుకున్న రాబిన్‌సన్ క్రూసోలా కనిపించాడట. చెవుల్లో పసుపుపచ్చని మందులో ముంచినట్లున్న దూది. ఆయనకు వినికిడి పోతున్నదన్న సంగతి అప్పటికి ఎవరికీ తెలియదు. పిల్లవాడికి మాత్రం ఆ దూది కంటబడింది.

కుర్రవాడు మొజార్ట్ కాన్సెర్టో మొదలుపెట్టాడు. కాసేపటికి బీథోవెన్ దగ్గరకు జరిగి, వాద్యబృందం వాయించవలసిన భాగాన్ని తన ఎడమచేత్తో తానే అందుకున్నాడు. తరువాత బీథోవెన్ రచనే అయిన 'పతేటిక్' సొనాటా వాయించాడు. పిల్లవాడిలో ప్రజ్ఞ ఉందనీ, తానే నేర్పుతాననీ, వారానికి కొన్నిసార్లు పంపమనీ బీథోవెన్ చెప్పాడు. ముందుగా కొనవలసినది ఏమిటంటే, ఇందాక చెప్పిన బాఖ్ గ్రంథం.

సభలో కాన్సెర్టో వాయించిన పిల్లవాడికి బీథోవెన్ మొదట ఏం నేర్పాడనుకున్నారు? మెట్లు ఎక్కడం, దిగడం! అన్ని స్థాయిలలోనూ స్వరావళి. చేతులు పెట్టే తీరు, వేళ్ళ తీరు, అన్నిటికీ మించి బొటనవేలి వాడకం. మన వైపు సంగీతం మాస్టార్లు కృతి వాయించగల పిల్లవాణ్ణి సైతం కూర్చోబెట్టి సరళీ వరుసలు మూడు కాలాల్లో అనిపించినట్లన్నమాట. తరువాత స్వరానికీ స్వరానికీ మధ్య తెగకుండా వాయించడం నేర్పాడు. ఈ పాఠాలు కొన్నాళ్ళే సాగాయి. ఒకటి, బీథోవెన్ రచనలో మునిగితే పాఠం మరచేవాడు. రెండోది, పిల్లవాణ్ణి తీసుకురావాలంటే తండ్రి తన పాఠాలు మానుకోవాలి. పాఠం మానితే ఆ పూట రాబడి లేదు. ఈ రెండో కారణం చదివినప్పుడు పుస్తకం కాసేపు మూసిపెట్టాను.

1805లో పద్నాలుగేళ్ళ వయసులో ఊళ్ళు తిరిగి కచేరీలు చేద్దామని అనుకున్నాడు. వయసుకు మించిన ప్రగతి సాధించాడని బీథోవెన్ ఆ డిసెంబరులో సర్టిఫికెట్ కూడా వ్రాసి ఇచ్చాడు. కానీ అంతకు నెల ముందే నెపోలియన్ సైన్యం వియన్నాలో దిగింది. యుద్ధపు రోజులు. తల్లిదండ్రులు పెద్దవారవుతున్నారు. ప్రయాణం ఆగిపోయింది. పదిహేనో ఏటి నుంచి పిల్లలకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టాడు. కొద్ది సంవత్సరాలలో పేరు వచ్చింది, పెద్ద ఇళ్ళ నుంచి పిలుపులు వచ్చాయి. ఆ రోజుల్లో వియన్నాలో మధ్యతరగతి ఇళ్ళలోకి కూడా పియానో ప్రవేశిస్తున్నది. ఆడపిల్లకు పియానో రావాలన్నది పెళ్ళి మాటల్లోకి కూడా వచ్చేసింది. మాస్టార్లకు గిరాకీ పెరిగింది. చెర్నీ ఉదయం ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది వరకు రోజుకు పది, పన్నెండు పాఠాలు చెప్పేవాడు. అలా ఏళ్ళ తరబడి, 1836 వరకు. రాత్రి ఇంటికి వచ్చాక తన స్వంత రచనకు కూర్చునేవాడు. పెళ్ళి చేసుకోలేదు. తల్లిదండ్రులతోనే కలిసి ఉండి, వారు పోయేవరకు చూసుకున్నాడు.

వాయించలేక మాస్టారైనవాడు కాదు. 1812లో బీథోవెన్ ఐదో కాన్సెర్టోను, అదే 'ఎంపరర్' అని పేరుపడినదాన్ని, వియన్నాలో మొదటిసారి వాయించినది చెర్నీయే. అయితే 1816లో ఒక సభలో ఒక పొరపాటు చేశాడు. బీథోవెన్ రచన ఒకటి వాయిస్తూ, కుర్రతనపు ఉత్సాహంతో తన నైపుణ్యం చూపడానికి అక్కడక్కడ అలంకారాలు చేర్చాడు. బీథోవెన్ అందరి ఎదుటా చీవాట్లు పెట్టాడు. మరునాడు క్షమాపణ చెబుతూ ఉత్తరం వ్రాశాడు. తన రచనను తాను వ్రాసినట్లే వినాలన్నది రచయిత కోరిక అని అర్థం చేసుకోమన్నాడు. ఆ ఉత్తరంతో తనకు ఆ జబ్బు కుదిరిందని చెర్నీయే చెప్పుకున్నాడు. చీవాట్లు పెట్టిన పై అధికారి మరునాడు ఉత్తరం వ్రాయడం నా సర్వీసులో నేను చూడలేదు.

ఇక ఆయన నేర్పే తీరు. ఇందులోనూ బీథోవెన్ ఉత్తరం ఒకటి ఉంది. బీథోవెన్ తన అన్నదమ్ముని కుమారుడు కార్ల్‌ను చెర్నీ దగ్గరే చేర్పించాడు. 1817 ప్రాంతంలో వ్రాసిన ఆ ఉత్తరం సారాంశమిది. పిల్లవాడికి వేళ్ళు సరిగా కుదిరి, లయ కుదిరి, స్వరాలు దాదాపు తప్పు లేకుండా వచ్చాకనే భావం గురించి చెప్పండి. ఆ దశకు వచ్చాక చిన్న చిన్న తప్పులకు మధ్యలో ఆపవద్దు. ముక్క పూర్తయ్యాక చెప్పండి. నేను పాఠాలు చెప్పినది తక్కువే అయినా ఈ పద్ధతినే పాటించాను అని.

మధ్యలో ఆపవద్దు అన్న మాట ఎంత పెద్దదో చూడండి. నేను చేరిన కొత్తలో ఒక సూపరింటెండెంటుగారి దగ్గర పనిచేశాను. పేరెందుకు లెండి. డ్రాఫ్టు వ్రాస్తుంటే వెనుక నిలబడి, ఒక్కొక్క మాటకు ఎర్రసిరా కలం దించేవారు. రెండేళ్ళలో నాకు వచ్చినది భయం ఒక్కటే. వరండాలో కూర్చుని విన్నంతలో మా టీచరమ్మగారు మనవరాలిని ఎప్పుడూ మధ్యలో ఆపరు. చివరిదాకా విని, "ఇప్పుడు మూడో వరస మళ్ళీ చూద్దామా" అంటారు. ఆవిడకు ఎవరు నేర్పారో, వారికి ఎవరు నేర్పారో గానీ, ఆ ఉత్తరం రెండు వందల ఏళ్ళు దాటి మారేడ్‌పల్లి దాకా వచ్చిందనిపించింది.

చెర్నీ ఈ పద్ధతిని గ్రంథస్థం చేశాడు. ఓపస్ 500 అన్నది పూర్తి శిక్షణ గ్రంథం, 1839లో వచ్చింది. పల్లెలో ఉన్న ఒక అమ్మాయికి వ్రాసినట్లుగా ఉత్తరాల రూపంలో మరో చిన్న పుస్తకం వ్రాశాడు. నాకు అదే నచ్చింది. అందులో గదమాయింపు లేదు. స్వరావళి రోజూ వాయించాలి, మొదట నెమ్మదిగా, వేలు తప్పకుండా, తరువాతే వేగం. తప్పు వేలితో వాయించడం అలవాటైతే దాన్ని వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టం. లెక్క పైకి అంటూ వాయించాలి. ఒళ్ళు ఊగకూడదు, ముఖం చిట్లించకూడదు. అదే సమయంలో పిల్లలకు ఇష్టమయ్యే చిన్న చిన్న ముక్కలు చాలా ఇవ్వాలి, ఒకే దానిని నెలల తరబడి పట్టుకుని విసిగించకూడదు అన్నది కూడా ఆయన మతమే. అభ్యాసాలన్నీ ఒక్కొక్క కష్టాన్ని విడదీసి చేసినవి. ఒకటి బొటనవేలు కిందుగా దాటడానికి, ఒకటి ఒకే మెట్టును వేళ్ళు మార్చి కొట్టడానికి, ఒకటి ఎడమచేతికి. ఓపస్ 299లో నలభై, ఓపస్ 740లో యాభై. ఆయన రచనల సంఖ్య 861 దాకా వెళ్ళింది.

ఇంత వ్రాశాడు కనుకనే నవ్వులపాలు కూడా అయ్యాడు. జర్మనీలో షూమన్ అనే సంగీతకర్త తన పత్రికలో ఆయన రచనలను తీసిపారేశాడు. 1845లో లండన్ నుంచి వచ్చిన జాన్ ఎల్లా అనే సంగీత వ్యవహర్త చూసినప్పుడు, చెర్నీ గదిలో నాలుగు బల్లల మీద నాలుగు రచనలు నడుస్తున్నాయట. ఒకదాని మీద పేజీ పూర్తికాగానే, సిరా ఆరేలోగా రెండో బల్ల దగ్గరకు వెళ్ళి అక్కడి పని అందుకునేవాడు. సంగీత విమర్శకులకు ఇది యంత్రంలా కనిపించవచ్చు. మార్చి 31న ఖజానాలో పనిచేసిన నాకు ఆయన మీద గౌరవం కలిగింది. అదీగాక ఆయన్ను వెక్కిరించిన లోకమే ఆయన పుస్తకాలను వదలలేదు. 1915లో ఫ్రెంచి సంగీతకర్త డెబుస్సీ వ్రాసిన అభ్యాసాలలో మొదటిదే చెర్నీ పేరుతో కాస్త కొంటెగా మొదలవుతుంది. 2002లో కెనడాలోని ఎడ్మంటన్‌లో ఆయన మరుగునపడిన పెద్ద రచనలతో ఒక ఉత్సవమే జరిగింది. 1857 జూలై 15న ఆయన మరణించినప్పుడు కూడబెట్టిన ఆస్తి బాగానే ఉంది. వారసులు లేరు. దానిని వియన్నాలోని సంగీత మిత్రుల సంఘానికీ, ధర్మసంస్థలకూ వ్రాశాడు. అందులో చెవిటివారి సంస్థ ఒకటి. పదేళ్ళప్పుడు చూసిన ఆ దూది ఆయనకు గుర్తుండి వ్రాశాడని నేను అనుకుంటాను. రుజువు లేదు, నా ఊహ మాత్రమే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

హంగేరీ రాజ్యంలో ఎస్టర్‌హాజీ అని పెద్ద జమీందారీ ప్రభువులు. వారి ఎస్టేటులో గొర్రెల మందల లెక్కలు చూసే గుమాస్తా ఆడం లిస్ట్. మనలాంటివాడే. చిన్నప్పుడు ప్రభువుల వాద్యబృందంలో చెల్లో వాయించేవాడు. ఉద్యోగరీత్యా రైడింగ్ అనే మారుమూల పల్లెకు బదిలీ అయ్యాడు. అక్కడ 1811 అక్టోబరు 22న పుట్టిన కొడుకు ఫ్రాంజ్. ఆరేడేళ్ళకే పిల్లవాడి ప్రజ్ఞ తండ్రికి అర్థమైంది. పల్లెలో నేర్పేవారు లేరు. 1819లో పిల్లవాణ్ణి వియన్నా తీసుకువెళ్ళి చెర్నీకి చూపించాడు. పిల్లవాడు పాలిపోయి బలహీనంగా ఉన్నాడనీ, తాగినవాడిలా స్టూలు మీద ఊగుతూ, వేళ్ళు ఇష్టం వచ్చినట్లు విసురుతున్నాడనీ, అయినా ప్రకృతి ఇచ్చిన ప్రజ్ఞ చూసి ఆశ్చర్యపోయాననీ చెర్నీ వ్రాశాడు.

ఆడం లిస్ట్ ప్రభువులకు అర్జీ పెట్టుకున్నాడు. తనను వియన్నాలో ఏదైనా పనికి బదిలీ చేయమన్నాడు. అది కాలేదు. మళ్ళీ పెట్టాడు. హమ్మెల్ అనే పెద్ద విద్వాంసుణ్ణి అడిగితే ఆయన చెప్పిన ఫీజు గుమాస్తా జీతానికి అందేది కాదు. 1820లో పిల్లవాడు రెండు ఊళ్ళలో కచేరీలు చేశాక కొందరు హంగేరీ ప్రభువులు చందా ఇస్తామన్నారు. చివరకు 1822లో ఒక ఏడాది సెలవు మంజూరైంది. జీతం లేని సెలవు. ఉన్న సామాను అమ్ముకుని, భార్యనూ, కొడుకునూ వెంటబెట్టుకుని వియన్నా చేరాడు.

చెర్నీ రోజంతా పన్నెండు పాఠాలు చెప్పి అలసిన తరువాత, దాదాపు ప్రతి సాయంత్రం ఆ పిల్లవాడికి పాఠం చెప్పాడు. మొదటి పన్నెండు పాఠాల తరువాత ఫీజు ముట్టుకోలేదు. అప్పటికే సభలు మెప్పించిన పిల్లవాడికి మొదటి కొన్ని నెలలు మళ్ళీ స్వరావళే. పిల్లవాడు గునిసినా వినలేదు. తరువాత క్లెమెంటీ సొనాటాలు, ఆపైన బీథోవెన్, బాఖ్. ప్రతి ముక్కా త్వరగా నేర్వాలని నియమం పెట్టినందువల్ల, కొత్త కాగితం ముందు పెడితే చూసి వాయించడం ఆ పిల్లవాడికి పట్టుబడింది. చెర్నీ తల్లిదండ్రులు వాణ్ణి స్వంత కొడుకులా చూసుకున్నారు. 1822 డిసెంబరు 1న వియన్నాలో కచేరీ. 1823లో తండ్రి పిల్లవాణ్ణి తీసుకుని పారిస్ వెళ్ళిపోయాడు. సెలవు పొడిగించమని అడిగితే ప్రభువులు ఒప్పుకోలేదు. ఉద్యోగం పోయింది. 1827లో, కొడుకుకు పదహారు నిండకుండానే, ఫ్రాన్సులో బొలోన్ అనే రేవు ఊళ్ళో ఆడం లిస్ట్ జ్వరంతో చనిపోయాడు.

తండ్రి డబ్బుకు ఆశపడి పిల్లవాణ్ణి తొందరగా ఊళ్ళు తిప్పాడని చెర్నీ నొచ్చుకున్నాడు. మాస్టారుగా ఆయన మాట నిజమే కావచ్చు. జీతం లేని సెలవులో ఉన్న గుమాస్తా ఎన్ని నెలలు ఓపిక పట్టగలడో చెర్నీకి తెలియదు. నాకు తెలుసు. ఆ పిల్లవాడు పియానో చరిత్రలోనే మొదటి వరసవాడయ్యాడు. తన పన్నెండు మహాకఠినమైన ఎట్యూడులను చెర్నీకి అంకితమిచ్చాడు. వృద్ధాప్యంలో శిష్యులకు ఫీజు లేకుండా నేర్పాడు.

1994లో మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మేము తూర్పుగోదావరిలో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. ఆరేళ్ళుగా వీణ నేర్చుకుంటోంది. ఒక రోజు వాళ్ళ మాస్టారు ఇంటికి వచ్చి, "నాకు వచ్చింది అయిపోయిందండీ. పిల్లని విజయనగరం సంగీత కళాశాలలో చేర్చండి. మీరు బదిలీ పెట్టుకోండి" అన్నారు. విజయనగరం కళాశాల అంటే సామాన్యం కాదు. 1919లో మహారాజావారు పెట్టినది. విద్యార్థిగా చేరదామని వెళ్ళిన ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని అధ్యాపకుడిగానే తీసుకున్నారని చెప్పుకునే చోటు అది.

ఆ రాత్రి నేను అర్జీ వ్రాశాను. ఫుల్‌స్కేప్ కాగితం, త్రూ ప్రాపర్ ఛానెల్. మన శాఖల్లో రూలు మీకు తెలుసు. స్వంత కోరికపై వేరే జిల్లాకు పోయేవాడు అక్కడి సీనియారిటీ జాబితాలో అట్టడుగున చేరాలి. సీనియారిటీ వదులుకోవడానికి సమ్మతిస్తున్నానని డిక్లరేషను ఇవ్వాలి. అదీ వ్రాశాను. సంతకం కూడా చేశాను. ప్రమోషను జాబితాలో నా పేరు అప్పటికి ముందువరసలో ఉంది. పొద్దున్నే ఆ కాగితం ఎల్.ఐ.సి. బాండ్లతో పాటు ట్రంకుపెట్టెలో పెట్టాను. ఆఫీసుకు తీసుకువెళ్ళలేదు. మా ఆవిడతో చెప్పలేదు. అమ్మాయితో ఇంటర్ అయ్యాక చూద్దామన్నాను. మూడేళ్ళకు ప్రమోషను వచ్చింది. అమ్మాయి బి.కాం. చదివింది, బ్యాంకు పరీక్ష పాసయింది. వీణ మా మరదలి ఇంటికి వెళ్ళింది.

మొన్న ఆదివారం అమ్మాయి వంటింట్లో చిక్కుడుకాయలు ఈనెలు తీస్తుంటే, నేను గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని ఈ కథంతా చెప్పాను. చెర్నీ సంగతీ, బీథోవెన్ దూదీ, గొర్రెల లెక్కల గుమాస్తా అర్జీలూ అన్నీ చెప్పాను. నా అర్జీ సంగతి చెప్పలేదు. ఈ వ్యాసంలో వ్రాయాలా వద్దా అని అప్పటికింకా తేల్చుకోలేదు. అమ్మాయి అంతా విని, తల ఎత్తకుండానే అడిగింది.

"మరి ఆయన కూడా సీనియారిటీ వదులుకుంటానని రాసిచ్చాడా నాన్నా?"

చాలాసేపు నాకు మాట రాలేదు. "లేదమ్మా. ఆయనకు ఉద్యోగమే పోయింది" అన్నాను.

అమ్మాయి చిన్నగా నవ్వి చిక్కుడుకాయల పళ్ళెం పక్కకు జరిపింది. ట్రంకుపెట్టె తాళంచెవి ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దేవుడి గూట్లోనే ఉండేది. పిల్లల చేతికి అందే ఎత్తులోనే.